ఒక్క అడుగు వెనక్కి

ఆదివారం పొద్దున్నే గొడవ మొదలైంది వంటింటి బల్బు దగ్గర.

"ఈ గుడ్డి వెలుతురులో ఎన్నాళ్ళు తరగమంటారు నన్ను? వేలు తెగి గిన్నెలో పడితే తప్ప ఎవరికీ పట్టేలా లేదు," అంది అత్తగారు, కత్తిని బల్లమీద ఠపీమని పెట్టి.

"బల్బు తెచ్చి ఎప్పుడో అక్కడ పెట్టానమ్మా. మెడ పట్టేసింది గనక ఊరుకున్నాను. తల పైకెత్తితే పట్టపగలే చుక్కలు కనిపిస్తున్నాయి," అన్నాడు కొడుకు. ఆ తర్వాత భార్య వైపు తిరిగాడు. మెడ తిరగదు గనక మనిషంతా తిరిగాడు. "ఇదిగో, నువ్వెక్కి పెట్టెయ్యరాదూ? నిమిషం పని."

ఆమె గిన్నెలు కడుగుతోంది. తల తిప్పలేదు. "స్టూలు ఊగుతోంది."

"ఊగుతోందా? మొన్ననేగా దానిమీద కూర్చుని తల దువ్వుకున్నావు!"

"కూర్చోడం వేరు, ఎక్కడం వేరు."

"విన్నావా అమ్మా? అయిదంతస్తుల మేడకి కట్టిన పరంజా మీద కోతిలా తిరిగే మనిషికి స్టూలు ఊగుతోందట!"

"వారమంతా తిరిగాను గనకే చెప్తున్నా. బయట ఎక్కింది చాలక ఇంట్లో కూడా ఎక్కాలా? మీరెక్కండి. పట్టేసింది మెడే కదా, కాళ్ళు కావుగా!"

అత్తగారు ఫక్కున నవ్వింది. కోడలి మాటకి నవ్వడం ఆవిడకి ఇష్టం ఉండదు, కానీ నవ్వొస్తే ఆపుకోలేదు. ఆ నవ్వుతో గొడవ చల్లారిపోవలసిందే. ఈలోగా, ఒక్కచోట కాలు నిలవదని ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే కూతురు, బల్బు చేత్తో పట్టుకుని స్టూలెక్కేసింది. ఎక్కి, హోల్డరు ఎక్కడుందో చూడటానికి తల పైకెత్తి, ఒక కాలు వెనక్కి జరిపింది.

"దిగు!"

ఆ కేక విని పక్కింటివాళ్ళ కిటికీ తెరుచుకుంది. ఆమె ఎప్పుడు కదిలిందో ఎవరూ చూడలేదు. సబ్బు చేతులతోనే పిల్లని నడుం పట్టుకుని లాగేసింది. బల్బు కింద పడి పగిలింది. పిచ్చుక బిక్కమొహం వేసింది.

"ఏమైందే నీకు?" అన్నాడు భర్త, నవ్వు మొహం మీదే ఆగిపోయి. "స్టూలేగా!"

"గాజు ముక్కలు తొక్కుతారు. చెప్పులేసుకోండి అందరూ," అని ఆమె చీపురు కోసం వెళ్ళిపోయింది. తలుపు వెనక చీపురు పట్టుకుని, నేల గట్టిదేనా అన్నట్టు మడమతో రెండుసార్లు తట్టి చూసింది.

ఆమె ఉద్యోగం పగుళ్ళు చూడటం. పాత భవనాలకీ, వంతెనలకీ, నీళ్ళ ట్యాంకులకీ పగుళ్ళు వస్తే, అవి పైపూతకి వచ్చినవా, లోపలి ఎముక దాకా దిగినవా, ఉన్నచోట ఉన్నాయా, పెరుగుతున్నాయా అని చూసి చెప్పే ఆఫీసు అది. ఆఫీసులో ఆమెని పగుళ్ళ డాక్టరమ్మ అంటారు. పగులు పక్కన చిన్న కొలబద్ద ఆనించి, రెండూ కనబడేలా ఫొటో తియ్యాలి. నెల తర్వాత మళ్ళీ అక్కడే, అలాగే తియ్యాలి. రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే గోడ నిజం చెప్పేస్తుంది.

పైన ఉన్నంతసేపూ ఒక చెయ్యి పరంజా గొట్టాన్ని వదలకూడదన్నది ఆ పనిలో మొదటి పాఠం. కొత్తగా చేరిన వాళ్ళకి ఆమె స్వయంగా నేర్పే పాఠం కూడా అదే. కానీ ఒక చేత్తో బద్ద, ఇంకో చేత్తో కెమెరా పట్టుకున్నాక గొట్టానికి మిగిలేది మోచెయ్యేనని పైకెక్కిన వాళ్ళందరికీ తెలుసు. నడుముకి బెల్టూ, దానికో కొక్కెమూ ఉంటాయి. ఫొటో ఫొటోకీ కొక్కెం తీసి మళ్ళీ తగిలించుకుంటూ కూర్చుంటే పని తెమలదని అందరూ దాన్ని వదిలేస్తారు. ఆమె కూడా వదిలేసేది.

పోయిన నెల ఒక బడి భవనం దగ్గర జరిగింది. నాలుగో అంతస్తు ఎత్తున పరంజా చెక్కల మీద నిలబడి ఉంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పాకిన పగులు అది. మొత్తం ఒకే ఫొటోలో పట్టాలని చూసింది. కెమెరాకి కన్ను ఆనించింది. పై కొస పడటంలేదు. ఇంకొంచెం జరిగితే పడుతుంది. కన్ను తియ్యకుండానే ఒక్క అడుగు వెనక్కి వేసింది.

మడమ కింద ఏమీ లేదు.

ఆ తర్వాత జరిగింది ఆమెకి ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. చేతిలో కెమెరా లేదు. చేతిలో గొట్టం ఉంది. చెంప గొట్టానికి అదుముకుపోయి ఉంది. చాలాసేపు తర్వాత, అంటే ఆమెకి చాలాసేపనిపించిన తర్వాత, కింద ఎక్కడో టప్పుమని చప్పుడైంది. తను కాదు, కెమెరా. కూలీలందరూ భోజనాలకి వెళ్ళారు గనక కింద ఎవరూ లేరు. చూసినవాళ్ళూ లేరు.

కెమెరా పట్టీ తెగి పడిందనుకున్నారు, ఆఫీసులోనూ ఇంట్లోనూ. ఆమె అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

అప్పటి నుంచీ ఆ మడమ ఆమెది కాకుండా పోయింది. బస్సులో నిలబడి ఉంటే ఉన్నట్టుండి మడమ కింద నేల మాయమయ్యేది. కుర్చీలో కూర్చుని టీ తాగుతుంటే అరికాలు ఝల్లుమనేది. మెట్ల మీది నుంచి దిగేటప్పుడు ఒక్కొక్క మెట్టునీ కాలితో తడిమి చూసుకునేది, ఎవరైనా వెనక వస్తుంటే చెప్పులో రాయి పడిందని పక్కకి తప్పుకునేది. మూడు వారాలుగా ఏవో సాకులు చెప్పి కిటికీల్లోంచీ, వరండాల్లోంచీ సెల్‌ఫోనుతో ఫొటోలు లాగించేసింది. ఇంక సాకులు చెల్లవు. వచ్చే వారం పొగగొట్టం ఉంది.

మూతపడ్డ మిల్లు తాలూకు ఇటుకల పొగగొట్టం. చుట్టూ ఇళ్ళున్నాయి. పైన మెడ దగ్గర పగులొచ్చింది. పక్కన పరంజా కట్టడానికి చోటు లేదు. గోడలోకి దిగ్గొట్టిన ఇనప మెట్లు పట్టుకుని ఎక్కాలి. ఎక్కి ఫొటో తియ్యాలి. ఏడాది పాటు నెలనెలా ఎక్కాలి.

"కొత్త కెమెరా నువ్వే ఎంచుకోమ్మా, వాడేదానివి నువ్వేగా," అన్నాడు పెద్ద ఇంజనీరు. "ఖరీదైన చిన్నదైనా సరే, పొడుగు లెన్సు ఉన్న పెద్ద డీఎస్ఎల్ఆర్ అయినా సరే. సోమవారం పొద్దున్నే చెప్పు, తెప్పించేస్తాను. నన్నడిగితే చిన్నదే మేలు. ఇనప మెట్ల మీద ఒక చేత్తో తీసుకోవచ్చు. అంత బరువు మెడకి వేలాడేసుకుని ఎక్కుతావా ఏమిటి?"

అలా ఆ మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ కెమెరాల దుకాణానికి బయల్దేరారు, ఒక్క అత్తగారు తప్ప. కెమెరా కొనేది ఆఫీసు. అయినా అందరికీ అభిప్రాయాలున్నాయి. భర్త కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తాడు. లోకంలో ఏ లెన్సు గురించైనా తీర్పు చెప్పే హక్కు తనకుందనుకుంటాడు. సెలవురోజుల్లో చెరువుగట్ల వెంట పక్షుల ఫొటోలు తీసుకునే మరిది దారిలో వచ్చి కలిశాడు.

"వదినా, కళ్ళు మూసుకుని పెద్దది తీసేసుకో. చేతిలో పట్టుకుంటే ఒక బరువు, ఒక దర్జా. మీట నొక్కితే లోపల అద్దం లేచి పడే చప్పుడుందే, ఆ చప్పుడుకే పెట్టొచ్చు డబ్బులు!"

"నీ పక్షులన్నీ ఆ చప్పుడుకే ఎగిరిపోతున్నాయి రా," అన్నాడు అన్న. "నువ్వు తీసిన ఫొటోల్లో ఉత్త కొమ్మలేగా ఉంటాయి!"

"కొమ్మలైనా స్పష్టంగా ఉంటాయి కదా అన్నయ్యా!"

దుకాణం మొదటి అంతస్తులో ఉంది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్న దుకాణదారు రెండు కెమెరాలూ గాజుబల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి పెట్టాడు. చిన్నది సబ్బుబిళ్ళ కన్నా కాస్త పెద్దది, నల్లగా నున్నగా ఉంది. పెద్దదానికి బిగించిన లెన్సు మోచేయంత పొడుగుంది.

"చిన్నదని తీసిపారెయ్యకండమ్మా. లోపల సరుకు పెద్దదే," అన్నాడు దుకాణదారు. "చీకట్లో తీస్తుంది, చెయ్యి వణికినా సర్దుకుంటుంది. ఒక చెయ్యి చాలు. రెండో చెయ్యి హాయిగా ఖాళీ."

"అదీ!" అన్నాడు భర్త. లెన్సుని వెలుగుకి పట్టుకుని, మెడ తిరగక ఒళ్ళంతా వంచి చూశాడు. "అద్దం చాలా శుభ్రంగా కోశారే! ఇంకేం కావాలి నీకు? జేబులో వేసుకుని చకచకా ఎక్కెయ్యొచ్చు."

ఆమె చిన్నదాన్ని అరచేతిలోకి తీసుకుంది. వంక పెడదామని వెతికింది. దొరకలేదు. బొమ్మ బాగుంది, రంగు బాగుంది, దగ్గర పెట్టి తీస్తే బల్లమీది గీతలు కూడా లెక్కపెట్టేలా ఉన్నాయి. ఎంత బాగుంటే అంత గుండె జారింది. ఇది చేతిలో ఉంటే ఎక్కనని ఏ నోటితో చెప్పాలి? ఖాళీ చెయ్యి, ఖాళీ చెయ్యి అని ఇంతమంది మురిసిపోతున్నారు. పొగగొట్టం మెడ దగ్గర ఆ ఖాళీ చెయ్యి ఒక్కటే ఇనప మెట్టుకి వేలాడుతూ కనిపించింది ఆమెకి.

"బయట వెలుతురులో చూడండమ్మా," అని దుకాణదారు బాల్కనీ తలుపు తీశాడు.

బాల్కనీ పట్టుమని పది అడుగుల పొడుగైనా ఉండదు. వెడల్పు ఇంకా తక్కువ. చుట్టూ ఛాతీ ఎత్తు గోడ ఉంది. పడటం ఎవరివల్లా కాదు. పిచ్చుక తలుపు దగ్గర, మోకాళ్ళ మీద కూర్చున్న బాబాయి భుజం మీద చెయ్యేసి నిలబడింది. "అమ్మా, మా ఇద్దర్నీ తియ్యి!"

ఆమె చిన్న కెమెరాలోకి చూసింది. పిచ్చుక నెత్తి తెగిపోతోంది.

"అమ్మా, నా తల పడటంలేదేమో. ఒక్క అడుగు వెనక్కి జరుగు!"

ఆమె జరగలేదు. జరగడం ఆమె చేతిలో లేదు. వెనక గోడ ఉందని తెలుసు, ఇప్పుడే చేత్తో పట్టుకుని చూసింది. అయినా మడమకి తెలియలేదు. అరికాలిలోంచి చలి లాంటిది ఏదో పైకి పాకి మోకాలు దాటింది. వీధిలో స్కూటర్ల మోత దూరమైపోయింది. పిల్ల నవ్వుతూ నిలబడి ఉంది, ఆ నవ్వు కెమెరా తెర మీద అలా బిగుసుకుపోయి ఉంది.

"జరుగమ్మా!"

"వదినా?" అన్నాడు మరిది.

"ఎండ కళ్ళలో పడుతోంది," అంది ఆమె. గోడ వెంట పాకినట్టు నడిచి లోపలికి వచ్చేసింది. జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది. భర్త నీళ్ళు తెచ్చిచ్చాడు. "పొద్దున్న నుంచీ ఏమీ తినకపోతే ఇలాగే తిరుగుతాయి కళ్ళు," అని విసుక్కున్నాడు. కానీ గ్లాసు ఆమె చేతిలోంచి జారకుండా కింద తన చెయ్యి పెట్టాడు.

కాస్త తేరుకున్నాక ఆమె పెద్దదాన్ని అడిగింది. బాల్కనీలోకి వెళ్ళలేదు. దుకాణం మధ్యలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. మరిది మూడుకాళ్ళ స్టాండు బిగించి పెట్టాడు. తెరిచి ఉన్న తలుపులోంచి వీధి అవతల మేడమీద దర్జీ దుకాణం కనిపిస్తోంది. దర్జీ మెడలో కొలత టేపు వేలాడుతోంది. మామూలు కంటికి అదొక పసుపు గీత. ఆమె లెన్సు తిప్పింది. టేపు దగ్గరికొచ్చింది. ఇంకా తిప్పింది. టేపు మీది అంకెలు కనిపించాయి. అంకెలకీ అంకెలకీ మధ్యనున్న సన్నటి గీతలు కూడా కనిపించాయి.

ఆమె ఆ గీతల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

పగులుకి అటొక ముక్కా ఇటొక ముక్కా అంటించే గీతల బిళ్ళలున్నాయి. పగులు వెంట్రుకవాసి కదిలినా ఆ గీతలు చెప్పేస్తాయి. తాళ్ళు కట్టుకుని గోడలెక్కే పనివాళ్ళు ఉన్నారు. వాళ్ళ నడుముకి రెండు తాళ్ళుంటాయి, రెండు చేతులూ పనిమీదే ఉంటాయి, కెమెరాలో కన్ను పెట్టి కాలు మరిచిపోయే అవసరం వాళ్ళకి లేదు. వాళ్ళు ఒక్కసారి ఎక్కి బిళ్ళ అంటించి దిగితే, ఏడాది పొడుగునా కింద కుర్చీ వేసుకుని ఈ లెన్సుతో చదువుకోవచ్చు. ఎవరూ ఎక్కక్కర్లేదు.

ఇంత సులువైన సంగతి ఇన్నేళ్ళూ తనకి తట్టలేదెందుకని? ఎక్కడమంటే అప్పట్లో భయం లేదు గనక.

మెట్ల దగ్గరికి వెళ్ళి, గోడకి వీపు ఆనించి కూర్చుని పెద్ద ఇంజనీరుకి ఫోను చేసింది.

"సార్, పెద్దది తీసుకుంటే పొగగొట్టాన్ని కింద నుంచే తియ్యొచ్చేమో. బిళ్ళలు తాళ్ళవాళ్ళ చేత పెట్టించి..."

"మళ్ళీ వాళ్ళని పిలిపించడం, వాళ్ళకి రోజు కుదరడం, అదంతా ఎందుకమ్మా? దగ్గరికెళ్ళి తీసినట్టు ఉంటుందా?" అన్నాడాయన. అని నవ్వాడు. "ఏం, పగుళ్ళ డాక్టరమ్మకి భయం పట్టుకుందా ఏమిటి?"

అవునని మూడక్షరాలు పైకి వచ్చి గొంతులోనే ఉండిపోయాయి. "అబ్బే, లేదు సార్."

"నీకు ఒంట్లో బాగులేకపోతే చెప్పు, పోనీ. కొత్తగా వచ్చిందే ఆ అమ్మాయి, తనని పంపిద్దాం. ఆ చిన్న కెమెరా చేతికిస్తే ఉడతలా ఎక్కేస్తుంది."

ఫోను పెట్టేశాక ఆమెకి ముందు ఎంత హాయి కలిగిందంటే, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎక్కక్కర్లేదు. ఒంట్లో బాగులేదంటే చాలు. చిన్నదాన్ని కొనిపించి, ఆ పిల్ల చేతిలో పెట్టి, తను ఆఫీసులో కూర్చోవచ్చు.

ఆ వెంటనే ఒళ్ళు జలదరించింది. ఆ పిల్ల కాలేజీ నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. పగులు మొత్తం పడాలమ్మా అంటే మొత్తం పట్టేదాకా ఊరుకోదు. ఆ మాట ఆ పిల్లకి నేర్పింది తనే. ఇనప మెట్ల మీద ఒక చేత్తో వేలాడుతూ, కన్ను తెర మీద పెట్టి, ఇంకొంచెం, ఇంకొంచెం అని వెనక్కి వాలే ఆ పిల్ల మడమ కనిపించింది. ఈసారి కింద పడిన చప్పుడు కెమెరాది కాదు.

అప్పటిదాకా తన ప్రాణానికి మాత్రమే భయపడింది. ఇప్పుడు ఆ భయం పక్కన ఇంకొకటి వచ్చి కూర్చుంది, ఇది అంతకన్నా పెద్దది.

"ఏదీ కొనట్లేదులెండి ఇవాళ, రేపు ఆఫీసువాళ్ళు చెప్తారు," అని దుకాణదారుతో చెప్పి అందరూ ఇంటిదారి పట్టారు. దారి పొడుగునా అన్నదమ్ములు కొట్టుకుంటూనే ఉన్నారు. చిన్నది నీళ్ళలో పడితే ఏమవుతుందని ఒకరు, పెద్దది మెడ విరిచేస్తుందని ఒకరు. "నీ మెడ ఆల్రెడీ విరిగిందిగా అన్నయ్యా, నీకేం భయం!" అంటే పిచ్చుక పడిపడి నవ్వింది. ఆమె మాత్రం రోడ్డు దాటేటప్పుడు కూతురి చెయ్యి పట్టుకుని, దాటాక కూడా వదల్లేదు.

చీకటి పడుతుండగా భోజనాలకి కూర్చున్నారు. అత్తగారు వడ్డిస్తోంది. కూర గిన్నె కన్నా కెమెరా కబుర్లే ఎక్కువ తిరుగుతున్నాయి బల్ల చుట్టూ.

"ఇంతకీ తేల్చారా లేదా?" అంది అత్తగారు. "ఇంత హడావుడి నీ పెళ్ళిచూపులకి కూడా చెయ్యలేదు కదరా మనం!"

"తేలిపోయిందమ్మా. చిన్నదే," అన్నాడు భర్త.

"పెద్దది! వదిన స్టాండు బిగించి చూసినప్పుడు మొహం ఎలా వెలిగిపోయిందో నేను చూశా."

"వెలగడం కాదు రా, ఎండ దెబ్బ!"

ఆమె చేతిలో ముద్ద అలాగే ఉంది. చెప్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు. ఎక్కలేని మనిషిని ఫీల్డు పనికి ఎందుకని అడుగుతారు. పగుళ్ళ డాక్టరమ్మ అని ఇంక అనరేమో. అన్నా నవ్వడానికి అంటారు. మొగుడు పదిమంది దగ్గరా గొప్పగా చెప్పుకునే మాట ఒకటి పోతుంది. చెప్పకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. అది మరీ స్పష్టంగా, ఆ లెన్సులోంచి చూసినట్టు తెలుసు.

"పెద్దదే," అంది.

మరిది బల్ల మీద దరువేశాడు. "చెప్పానా!"

"నువ్వు చెప్పినందుకు కాదు." ముద్ద కంచంలో పెట్టేసింది. రెండు చేతులూ బల్ల మీద అందరికీ కనిపించేలా పెట్టింది. "పోయిన నెల పట్టీ తెగలేదు. నేను పడబోయాను. కెమెరాలో చూస్తూ వెనక్కి అడుగేశాను, అక్కడ చెక్క లేదు. గొట్టం దొరికింది గనక ఇక్కడ కూర్చున్నా."

అత్తగారు గరిటె గిన్నెలో వదిలేసి పక్క కుర్చీలో కూర్చుంది.

"అప్పటి నుంచీ నాకు భయం. మెట్లంటే భయం, బాల్కనీ అంటే భయం. పొద్దున్న స్టూలంటే కూడా భయమే. పొగగొట్టం నేను ఎక్కను. ఒంట్లో బాగులేదని చెప్పను, భయమనే చెప్తాను. నేను ఎక్కకపోతే ఆ కొత్తమ్మాయికి చిన్న కెమెరా ఇచ్చి ఎక్కిస్తామంటున్నారు. అసలు చిన్నదే లేకపోతే ఎవర్ని ఎక్కిస్తారు? కింద నుంచి ఎలా తియ్యాలో రేపు పొద్దున్నే వెళ్ళి చూపిస్తా. వింటే సరే. వినకపోతే..." ఆమె కంచం పక్కకి జరిపింది. "వినకపోతే ఉద్యోగం సంగతి అప్పుడు చూద్దాం. ఇంట్లో మాత్రం ముందే చెప్తున్నా."

భర్త మెడ నొప్పిని కూడా మరిచిపోయి తల తిప్పి ఆమె వైపు చూశాడు. "పోయిన నెలా?" అన్నాడు.

"పోయిన నెలే," అంది ఆమె. "రేపు నాతో ఆఫీసు గుమ్మం దాకా రండి. మేడ మెట్లున్నాయక్కడ."